రాకెట్టు కంపెనీలు, మన సొమ్ము

రాకెట్లు చేయు ప్రైవేటు కంపెనీల వాటాలు కొనవచ్చునా అని గుడియాత్తం సంఘస్థులు కొందరు అడుగుచున్నారు. హైదరాబాదు స్కైరూట్ వారు 2022 నవంబరు 18న శ్రీహరికోట నుండి విక్రమ్-ఎస్‌ను పంపినప్పుడు మేమును సంతోషించితిమి. చెన్నై అగ్నికుల్ వారి రాకెట్టు పలుమార్లు ఆగి, 2024 మే 30న లేచినది. అయితే స్టాకు మార్కెట్టుకు రాని వాటాలకు, అమ్మదలచిన దినమున కొనువాడు దొరకకపోవచ్చును.

తలాంతును పాతిపెట్టిన దాసుడు గద్దింపబడెను, నిజమే. గాని ఆ సొమ్ము వ్యాపారమునకే అప్పగింపబడినది. వేలూరులో పదవీ విరమణ చేసిన నర్సమ్మ తన కుమార్తె పెండ్లికి దాచిన పి.ఎఫ్. అట్టిది కాదు. 2022లో అధిక వడ్డీ ఆశతో మన వేలూరులో ఎందరో మోసపోయిరి. అది మోసము, ఇది నిజమైన ప్రయత్నమే; పోయినచో ఇంటి కష్టము మాత్రము ఒక్కటే. మిగులులోనుండి, పోయినను పొయ్యి ఆరనంత పెట్టుటను మేము తప్పనము. సంఘ కట్టడ నిధిని మాత్రము కోశాధికారి ముట్టరాదు. అందులో విధవరాండ్ర కాసులున్నవి, వారు రాకెట్టుకని ఇయ్యలేదు.