ఒంటి మనిషికి ఏ ఊరు

మొన్న సంక్రాంతి అయ్యాక మా ఉట్నూరు వైపు పిల్లవాడొకడు ఫోన్ చేశాడు. మొయినాబాద్ దగ్గర ఒక కాలేజీలో ల్యాబ్ పనికి కుదిరాడు. ఇరవై ఆరేళ్ళవాడు, పెళ్ళి కాలేదు. "రాం రాం దాదా. గది మొయినాబాద్‌ల చూసుకోవాల్నా, చేవెళ్లల చూసుకోవాల్నా? కిరాయి సంగతి కాదు. డ్యూటీ అయినంక మాట్లాడేటందుకు మనుషులు ఎక్కడ దొరుకుతరు?" అని అడిగాడు.

రెండు రోజుల్లో చెప్తామన్నాం. రెండు వారాలు పట్టింది.

మేమంటే ఏడుగురం. ఎక్కువమందిమి టీటీసీ చేసిన బడిపంతుళ్ళం. గోండులం నలుగురం, కోయలు ఇద్దరు, చేవెళ్ల పక్క తండాలో పుట్టిన లంబాడీ నర్సు ఒకామె. పెళ్ళి చేసుకోనివాళ్ళున్నారు, విడిపోయినవాళ్ళున్నారు, భర్త పోయిన ఆమె ఉంది. ఒకరిద్దరు తప్ప అందరం నలభై దాటినవాళ్ళమే. ఏజెన్సీలో టీచరు పోస్టులన్నీ ఆదివాసులకే అన్న మూడో నంబరు జీవోను 2020 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు కొట్టేశాక ఇటు ప్రైవేటు బళ్ళకు వచ్చినవాళ్ళు కూడా మాలో ఉన్నారు. ఆదివారం సాయంత్రం చేవెళ్ల బస్టాండు దగ్గర ఒక టీ హోటల్లో కలుస్తాం. మా సంఘానికి పేరు లేదు, చందా లేదు.

పిల్లవాడి ప్రశ్న ముందు పెట్టగానే మాలో పెద్దాయన మొహం చిట్లించాడు. "పని కోసం ఊరు మారుతరు, నీళ్ళ కోసం మారుతరు. ముచ్చట్ల కోసం ఊరు చూసుకునుడు ఏంది?" అన్నాడు. మాకూ కొంత సిగ్గనిపించింది. పిల్లల బడి కోసమో, అమ్మానాన్నల ఆస్పత్రి కోసమో ఇల్లు మారామంటే ఎవరూ తప్పు పట్టరు. నాకు తోడు కావాలి, అందుకే ఈ ఊరు ఎంచుకున్నానంటే మాత్రం అది సోకు కింద లెక్క.

కానీ మా తాతలు చేసింది ఏమిటి? ఆదిలాబాదు అడవుల్లో ఒక పట్లా కొత్త ఊరు కడితే, ఆయన మంచివాడని పేరుంటే నాలుగు కుటుంబాలు వెంట వెళ్ళేవి. పొసగకపోతే మూటాముల్లె సర్దుకుని ఇంకో పట్లా దగ్గరికి పోయేవి. చేను ఎంత ముఖ్యమో పక్క గుడిసెలో ఎవరుంటారన్నదీ అంతే ముఖ్యం. మనుషులను చూసి ఊరు ఎంచుకోవడం పట్నపోళ్ళు కనిపెట్టిన సుఖమేమీ కాదు. ఒక తేడా ఉంది. అప్పుడు ఎంచుకున్నది కుటుంబం. ఒంటిగా ఒక మనిషి వచ్చి "నేనిక్కడ ఉంటాను" అంటే ఊరు ఏమనేదో మేం పెద్దలను అడిగి చూశాం. "అట్ల ఎవరొస్తరు?" అన్నారు. అదే జవాబు.

ఇక్కడ మాత్రం అలాగే వచ్చాం. గదుల కోసం తిరిగిన రోజులు మాలో ఎవరూ మరిచిపోలేదు. రెండు ఊళ్ళలోనూ గేటుకు వేలాడే బోర్డు ఒకటే: టు-లెట్, ఫ్యామిలీస్ ఓన్లీ. నలభై మూడేళ్ళ మనిషిని పట్టుకుని "బ్యాచిలర్లకు ఇయ్యం సార్" అంటారు, వాడెవడో పందొమ్మిదేళ్ళ పోరడైనట్టు. ఆడమనిషైతే "మీ సారు ఏం చేస్తడు?" అని మొదలుపెడతారు. తర్వాత "మీరు ఏమిటోళ్ళు?" చెప్పాక "మాంసం వండుతరా?" అక్కడితో సాధారణంగా ముగుస్తుంది.

"ఏమిటోళ్ళు" అని అడగడం మాకు కొత్త కాదు, అదే చిత్రం. కొత్త గోండు మనిషి కనబడితే మేమూ మొదట అదే అడుగుతాం: ఎన్ని దేవుళ్ళ వాళ్ళు? నాలుగు, అయిదు, ఆరు, ఏడు దేవుళ్ళ సగలు మావి. మా సగావాడైతే అన్నో తమ్ముడో అవుతాడు. వేరే సగా అయితే బావ వరస కలుస్తుంది, వేళాకోళం మొదలవుతుంది. ఒక్క మాటతో ముక్కూమొహం తెలియనివాడు చాపమీద కూర్చుంటాడు. ఇంటి ఓనరు అడిగేదీ ఆ మాటే. అక్కడ వరస కలపడానికి అడుగుతారు, ఇక్కడ గేటు మూయడానికి అడుగుతారు.

ఇక మొయినాబాద్ సంగతి. గండిపేట, హిమాయత్‌సాగర్ చెరువుల చుట్టూ పది కిలోమీటర్ల మేర, 84 ఊళ్ళలో కట్టడాలకు హద్దులు పెడుతూ 1996లో 111 జీవో వచ్చింది. ఎత్తైన అపార్టుమెంట్లు రాలేదు కానీ ఫామ్‌హౌస్‌లు, రిసార్టులు, ఫంక్షన్ హాళ్ళు వచ్చాయి. 2022లో ఆ హద్దులు తీసేస్తూ ఇంకో జీవో ఇచ్చారు. ఆ వాదం ఇంకా నడుస్తూనే ఉంది. శనివారం సాయంత్రం నగరం నుంచి కార్లు బారులు తీరతాయి. వెలుగులు, పాటలు, ఈత కొలనులు. నవ్వులు ప్రహరీ గోడ దాటి వినిపిస్తాయి. ఒంటి మనిషికి సందడి కావాలంటే ఇంతకన్నా ఏం కావాలి అనిపిస్తుంది. మాలో ఒకాయన తన పుట్టినరోజున అలాంటి ఒక చోటికి వెళ్ళాడు. ఒంటరి మగవాళ్ళకు ప్రవేశం లేదని గేటు దగ్గరే చెప్పారు. జంటగా రావాలట. తోడు కోసం వెళితే తోడుతో రమ్మన్నారు. ఆయన ఈ కథ ఎప్పుడు చెప్పినా మేం నవ్వుతాం, ఆయనా నవ్వుతాడు. మొదటిసారి చెప్పినప్పుడు మాత్రం ఎవరం నవ్వలేదు.

ఆ పక్కనే చిలుకూరు బాలాజీ గుడి. వీసా దేవుడని పేరు. మొక్కుకున్నవాళ్ళు పదకొండు ప్రదక్షిణలు, కోరిక తీరినవాళ్ళు 108 చేస్తారు. మా నమ్మకాలు వేరు గానీ అక్కడ ఒకటి గమనించాం: ఒంటిగా వచ్చినవాళ్ళు అక్కడ వింతగా కనపడరు. వందలమంది ఒకే వైపు తిరుగుతుంటే పక్కన నడిచేవాడికి పెళ్ళయిందా అని ఎవరూ చూడరు. మాలో ఒకామె మనసు బాగా లేనప్పుడల్లా వెళ్ళి తిరిగి వస్తుంది. ఏం మొక్కుకున్నావని అడిగితే "ఏం లేదు, నడిచొచ్చిన" అంటుంది.

మొయినాబాద్‌కు ఇంకో సుగుణం ఉంది. అక్కడ ఎవరూ ఏమీ అడగరు. పొద్దున పోయి రాత్రి వస్తే, ఎప్పుడొచ్చావని అడిగేవాళ్ళు లేరు. కులం, వయసు, పెళ్ళి మీద ఊరి నోటికి అలిసిపోయి వచ్చిన మనిషికి అది ముందు మందులా పనిచేస్తుంది. మాలో ముగ్గురు అక్కడే ఉన్నారు, ఊరికే కాదు.

చేవెళ్ల అలా కాదు. 2025లో రెండూ మున్సిపాలిటీలయ్యాయి గానీ చేవెళ్ల ఇంకా ఊరే. చుట్టుపక్కల కూరగాయలు, పూలు పండించే రైతులు పొద్దున్నే టీకి వస్తారు. మూడోసారి హోటల్‌కు వెళ్ళేసరికి మీకు చక్కెర ఎంతో వాళ్ళకు తెలుసు. ఆరోసారికి మీ జీతం తెలుసు. "సార్, మా మేనకోడలు ఉంది" అని సంబంధాలు మొదలవుతాయి.

మా నర్సు సంగతి ఇక్కడ చెప్పాలి. 2017లో రిజర్వేషన్ల మీద ఆదివాసులకూ లంబాడాలకూ మధ్య తగువు రగిలినప్పుడు మా ఊళ్ళలో ఒకరి మొహం ఒకరు చూడలేదు. ఇక్కడ మాకు మొదట ఇంట్లో అన్నం పెట్టింది ఆమె తల్లే. ఆ తగువు మీద మా అభిప్రాయాలు మారాయని కాదు, అన్నం తిన్నాం. శ్రావణంలో వాళ్ళ తీజ్ పండుగ పెళ్ళికాని ఆడపిల్లలది. బుట్టల్లో గోధుమ మొలకలు పెంచి, తొమ్మిది రోజులు నీళ్ళు పోస్తూ పాడి, చివరికి నీళ్ళల్లో కలుపుతారు. ఈమెకు ముప్పై తొమ్మిదేళ్ళు. పద్నాలుగు, పదిహేనేళ్ళ పిల్లల మధ్య ఈమె బుట్ట ఎత్తుకోవచ్చా అని తండా ఆడవాళ్ళు గుసగుసలాడారు. ఒక ముసలమ్మ "పెండ్లి కానిదే గదా, ఇయ్యుండ్రి" అని బుట్ట చేతికిచ్చింది. మాకు ఎంత సంతోషమేసిందో! పదో రోజు ఆమె టీ హోటల్‌కు వచ్చి, వచ్చే ఏడు వెళ్ళనంది. ఆ తొమ్మిది రోజులూ అందరూ ఆమెకు మొగుడు రావాలని పాడారట. "నన్ను లోపలికి పిలిచిన్రు, నన్ను కాదు" అంది. ఆ మాట మాకు అర్థం కావడానికి కొంత సమయం పట్టింది.

పెళ్ళికానివాళ్ళకు చోటు పెట్టిన పెద్దలు లేకపోలేదు. బస్తర్ మురియాల ఘోటుల్ మీద వెరియర్ ఎల్విన్ 1947లోనే పెద్ద పుస్తకం వేశాడు. ఊరి మధ్య పెళ్ళికాని యువతకు ఒక ఇల్లు, వాళ్ళ పాట, వాళ్ళ పని, వాళ్ళ కట్టుబాటు. మా ఆదిలాబాదు గోండుల్లో అది లేదు, దాన్ని మా గొప్పగా చెప్పుకోలేం. పైగా పెళ్ళయిన రోజు ఘోటుల్ నుంచి బయటికి రావాల్సిందే. పెళ్ళే చేసుకోని మనిషి కోసం కట్టిన ఇల్లు కాదది. సర్కారు లెక్కలోనూ ఇంతే. 2017లో తెలంగాణలో ఒంటరి మహిళలకు నెలకు 1,000 రూపాయల పింఛను మొదలైంది, తర్వాత 2,016 అయింది. అవసరమైనవాళ్ళకు అది చాలా పెద్ద సాయం. కానీ అందులో ఒంటరి అంటే ఆదుకోవాల్సిన మనిషి, అంతే. బ్రిటన్ 2018లో, జపాన్ 2021లో ఒంటరితనం చూడటానికి మంత్రులనే పెట్టాయి. మంత్రి సాయంత్రం ఏడింటికి టీకి వస్తాడా అని మా పెద్దాయన అడిగాడు.

మా తీరు మార్చింది ఇవేవీ కావు, ఒక సోమవారం. 2025 నవంబరు 3 ఉదయం తాండూరు నుంచి హైదరాబాద్ పోయే ఆర్టీసీ బస్సును చేవెళ్ల దాటాక మీర్జాగూడ దగ్గర కంకర టిప్పర్ గుద్దింది. 19 మంది చనిపోయారు. ఆదివారం ఇంటికి వెళ్ళి సోమవారం పొద్దున పనికో చదువుకో తిరిగి పోయేవాళ్ళు ఎక్కే బస్సు. మాలో ఇద్దరు వికారాబాద్ వైపు నుంచి సోమవారాలు ఆ దారినే వస్తారు. ఆ రోజు ఒకరు రాలేదు, ఇంకొకరు ముందు బస్సులో దిగిపోయారు.

చేవెళ్లలో ఉండే ఆమె గది తలుపు ఎనిమిది గంటలకే టీ హోటల్ పిల్లవాడు కొట్టాడు. "మేడం, అమ్మ చూసి రమ్మంది, ఉన్నరా?" మొయినాబాద్‌లో ఉండే ఆయనకు మొదటి ఫోన్ సాయంత్రం నాలుగింటికి, ఆసిఫాబాద్ నుంచి అక్క చేసింది. ఇంటి కింద వాటాలో నాలుగేళ్ళుగా ఉంటున్న కుటుంబం ఆ రాత్రి ఆయన్ను మెట్లమీద చూసి తలూపి వెళ్ళింది. వాళ్ళు చెడ్డవాళ్ళు కాదు. ఆయన ఏ బస్సుకు వస్తాడో వాళ్ళకు తెలియదు. ఆయనెప్పుడూ చెప్పలేదు. మేమూ ఆయనకు ఫోన్ చేయలేదు. అది మాలో చాలా రోజులు ఎవరూ ఎత్తని మాట. ఒకరింకొకరికి చేసి ఉంటారులే అనుకున్నాం, ఏడుగురమూ.

అయితే చేవెళ్లే మంచిదని పిల్లవాడికి చెప్పేద్దామా? అక్కడా ఆగాల్సి వచ్చింది. తలుపు కొట్టించిన ఆ టీ హోటల్ అమ్మే, డిసెంబరులో, "మేడం గదికి ఎవరో సారు వచ్చి గంట సేపున్నడు" అని ఇంటి ఓనరు చెవిన వేసింది. ఆ సారు మాలో ఒకడే. పదో తరగతి పేపర్లు ఇచ్చి, ఆగిపోయిన ఫ్యాను చూసి వచ్చాడు. సంక్రాంతిలోపు ఖాళీ చేయమన్నారు. మేం వెళ్ళి ఆ అమ్మను అడిగాం. ఆమె ఏమాత్రం తడబడలేదు. "మంచి చెడ్డ చూస్తున్న గదా సార్, ఆమెకెవరున్నరు?" అంది. నవంబరులో పిల్లవాణ్ణి పంపింది కూడా అదే మంచి చెడ్డ. ఆ కన్నును సగం మూసి సగం తెరవమని ఎలా అడగాలో మాకు తెలియలేదు. ఖాళీ చేసిన ఆమె మాత్రం ఇప్పటికీ అక్కడే టీ తాగుతుంది. "కోపమొచ్చింది. పోయింది అనను. కానీ నేను రాలేదని చూసింది ఆమె ఒక్కతే" అంటుంది.

1943లో మార్లవాయిలో హైమెండార్ఫ్ దొర గోండు యువకులకు పంతుళ్ళ శిక్షణ కేంద్రం పెట్టించినప్పుడు వేర్వేరు ఊళ్ళవాళ్ళు అక్కడికి వచ్చి కలిసి ఉన్నారు. మా వృత్తికి అదే మొదలు. వాళ్ళు తర్వాత తలో ఊరికీ ఒక్కొక్కరుగా వెళ్ళి ఉంటారు. కొత్త ఊళ్ళో మొదటి సాయంత్రం ఏం చేశారో అని ఈ మధ్య అనుకుంటున్నాం. ఊరు వచ్చి పలకరించేదాకా కూర్చున్నారా? తామే వెళ్ళి గుడిసె గుడిసెకూ వరస కలిపారా? మేం ఇన్నేళ్ళూ ఏ ఊరు మమ్మల్ని అడుగుతుందా అని చూశాం. కింద వాటావాళ్ళ ఇంటిపేరు మాలో ఎవరికీ తెలియదు.

చివరికి పిల్లవాడికి ఇలా చెప్పాం. మొయినాబాద్‌లో నిన్నెవరూ అడగరు, చేవెళ్లలో అడగక మానరు, రెండూ బరువే. ఎక్కడ తీసుకున్నా వారంలోపు పక్కింటివాళ్ళకు నువ్వే ఎదురెళ్ళి పేరు చెప్పు, ఏ బస్సుకు వస్తావో చెప్పు. గదికి మేం వస్తామని, ఆడవాళ్ళమూ వస్తామని ఓనరుకు ముందే చెప్పు; ఒప్పుకోకపోతే ఆ గది వద్దు. ఆదివారం టీకి రా. సోమవారం రాత్రి ఎనిమిదికి నీకు ఫోన్ వస్తుంది, ఎత్తాలి.

మొయినాబాద్‌లోనే తీసుకున్నాడు, కాలేజీకి నడిచిపోవచ్చని. మొదటి సోమవారం ఫోన్ చేశాం. ఎత్తలేదు. మళ్ళీ చేశాం. ఎత్తలేదు. మా నర్సు అప్పటికే స్కూటీ తాళం చేతిలోకి తీసుకుంది. మూడోసారికి విసుగ్గా ఎత్తాడు.

"స్నానం చేస్తున్న దాదా!"