ఒక చర్చి, రెండు ఆరాధనలు



తూర్పు జర్మనీలోని బౌట్జెన్ పట్టణంలో సెయింట్ పీటర్ చర్చిని 1524 నుంచి కేథలిక్కులు, లూథరన్లు కలిసి వాడుకుంటున్నారు. కలిసి అంటే ఒకే ప్రార్థన అని కాదు. తూర్పు భాగం కేథలిక్కులది, జనం కూర్చునే పెద్ద హాలు లూథరన్లది. బలిపీఠాలు రెండు, ఆర్గన్లు రెండు, నడుమ ఒక అడ్డుకంచె. ఎవరి ఆరాధన ఏ వేళకో ముందే ఒప్పందం ఉంటుంది. పోప్ అధికారం గురించి గానీ, రొట్టె ద్రాక్షరసాల అంతరార్థం గురించి గానీ ఇరుపక్షాల అభిప్రాయాలు ఐదు వందల ఏళ్లయినా పూర్తిగా కలవలేదు. కంచె మాత్రం తగ్గింది. ఒకప్పుడు మనిషిని మించి ఉండేది, ఇప్పుడు నడుము ఎత్తే.

అన్ని మతాలూ ఒక్కటేనన్న మాట తెలుగు ఇళ్లలో తేలిగ్గా వినిపిస్తుంది. జర్మన్లు ఆ మాట అనకుండానే కలిసి బతకడం నేర్చారు, అదీ చాలా ఆలస్యంగా. కేథలిక్, ప్రొటెస్టెంట్ వైరంతో 1618లో మొదలైన ముప్పై ఏళ్ల యుద్ధం కొన్ని ప్రాంతాల్లో సగానికి పైగా జనాన్ని మింగింది. 1648లో మ్యూన్‌స్టర్, ఓస్నాబ్రుక్ పట్టణాల్లో సంధి కుదిరాక, ఓస్నాబ్రుక్ ఏలుబడికే వంతులు పెట్టారు: ఒకసారి కేథలిక్ బిషప్, మరోసారి ప్రొటెస్టెంట్ రాజవంశీకుడు. ఈ వింత ఏర్పాటు పందొమ్మిదో శతాబ్ది ఆరంభం దాకా నడిచింది. ఇందులో ప్రేమ కన్నా అలసట పాలే ఎక్కువ. ఆ సంధిలో యూదులకు చోటే లేదు.

జర్మనీలోనే ఉన్న హాలె నగరం తెలుగువారు ఎరగవలసింది. బెంజమిన్ షుల్జ్ అనే మిషనరీ మద్రాసులో తెలుగు నేర్చుకుని, 1746–47లో హాలెలో తెలుగు క్రైస్తవ పుస్తకాలు అచ్చువేయించాడు. ఉద్దేశం మతప్రచారమే, అందులో దాపరికం లేదు. అంతకు ముందు, తమిళ తీరంలోని తరంగంబాడి నుంచి జీగెన్‌బాల్గ్ అనే మరో మిషనరీ దక్షిణాది దేవతల గురించి 1713లో శ్రద్ధగా రాసిన గ్రంథాన్ని అచ్చువేయడానికి హాలెలోని మిషన్ పెద్దలు ఒప్పుకోలేదు. అది 1867లో గాని వెలుగు చూడలేదు. పరాయి దేవుళ్ల గురించి తెలుసుకోవడం వాళ్లకు అనవసరమనిపించింది. ఆ నగరంలోనే 2019 అక్టోబరు 9న, యూదుల పవిత్రదినమైన యోమ్ కిప్పూర్ నాడు, ఒక సాయుధుడు వారి ప్రార్థనా మందిరంపై దాడి చేశాడు. తలుపు విరగలేదు గనక లోపలివాళ్లు బతికారు. బయట ఇద్దరు బలయ్యారు. 1949 రాజ్యాంగం నాలుగో అధికరణం మతస్వేచ్ఛకు హామీ ఇచ్చిన దేశమది. పొరుగువారిని తెలుసుకునే పని చట్టం చేసిపెట్టదు. 1997 నుంచి ఏటా అక్టోబరు 3న అక్కడి మసీదులు అందరికీ తలుపులు తెరుస్తున్నాయి. కొత్తగా వెళ్లినవాళ్లు ఒకసారైనా ఆ గడప తొక్కాలి.

చిన్న నియమాలూ తెలిసుండాలి. నగర కార్యాలయంలో చిరునామా నమోదు చేసేటప్పుడు మతం అడుగుతారు. అది చర్చి పన్ను కోసం: ఆదాయపు పన్ను మీద 8 లేదా 9 శాతం. గుంటూరు లూథరన్ ఇంటి బిడ్డ ఉన్నదున్నట్టు రాస్తే, జీతం మొదలయ్యాక కోత పడవచ్చు. అలాగని విశ్వాసాన్ని దాచడం న్యాయం కాదు. గుడ్ ఫ్రైడే నాడు చాలా రాష్ట్రాల్లో బహిరంగ నృత్యాలపై ఆంక్షలుంటాయి. ఇంచుమించు ఆ రోజుల్లోనే వచ్చే ఉగాదికి సంబరాలు తలపెట్టే తెలుగు సంఘాలు ముందే క్యాలెండర్ చూసుకోవాలి.

ఇలాంటి సర్దుబాటు హిందువుల విషయంలోనూ జరిగింది. హామ్ నగరంలో శ్రీలంక తమిళులకు 1990లలో ఇళ్ల మధ్య చిన్న గుడి ఉండేది. ఊరేగింపుకు జనం పెరిగి, వాహనాలు నిలిపే చోటు లేక, ఇరుగుపొరుగు అభ్యంతరం చెప్పారు. వాదులాట ముదరకుండా గుడిని ఊంట్రోప్ పారిశ్రామిక వాడకు మార్చారు. అక్కడ కామాక్షి అంబాళ్ ఆలయం కట్టి 2002లో కుంభాభిషేకం చేశారు. ఏటా వేసవిలో జరిగే రథోత్సవానికి వేలమంది వస్తారు, వారిలో స్థానిక జర్మన్లూ ఉంటారు.