రేవు ఎవరికి తెరుచుకుంది?

ఒక ఊరు మంచిదా కాదా అన్నది దేన్నిబట్టి తేల్చాలి? బయటినుంచి వచ్చినవాణ్ణి ఎలా చూసుకుందో దాన్నిబట్టి తేల్చాలని చాలామంది అంటారు. తరాల కిందట సొంత సీమ వదిలి పరాయి సీమలో పొయ్యి రాజేసుకున్నవాళ్ళం కాబట్టి మనకు ఈ కొలత ఇట్టే నచ్చుతుంది. మా పెద్దలకు ఫలానా నాయకుడు మాన్యం ఇచ్చాడు, ఫలానా రాజు గుడి కట్టుకోనిచ్చాడు అని చెప్పుకోవడం మన ఇళ్ళలో అలవాటే. అయితే ఆ కొలత ఒక్కటే చాలునా అన్నది నా సందేహం. దాన్ని పరీక్షించుకోవడానికి కొచ్చిని మించిన చోటు లేదనిపిస్తుంది.

మా కోయంబత్తూరునుంచి కొచ్చికి రైల్లో నాలుగు గంటల ప్రయాణం. ఎర్నాకుళంలో దిగి, పడవెక్కి అవతలి ఒడ్డుకు చేరితే ఫోర్టు కొచ్చి, దాన్ని ఆనుకునే మట్టాంచేరి. 1341లో పెరియారు నదికి వచ్చిన పెద్ద వరదకు పాత ముసిరిస్ రేవు పూడిపోయి, ఇక్కడ సముద్రానికి కొత్త దారి పడిందని చెబుతారు. దారి పడగానే మిరియాలు ఈ ఒడ్డుకు వచ్చాయి. మిరియాల వెనకే లోకమంతా వచ్చింది.

అలా వచ్చినవాళ్ళ గుర్తులు అడుగడుగునా కనిపిస్తాయి. సెయింట్ ఫ్రాన్సిస్ చర్చికి 1503లో పునాది వేసింది పోర్చుగీసువాళ్ళు. 1524లో కొచ్చిలోనే కన్నుమూసిన వాస్కో డ గామాను అక్కడే పాతిపెట్టి, కొన్నేళ్ళకు అస్థికలను స్వదేశానికి తీసుకుపోయారు. 1663లో డచ్చివాళ్ళు కోటను పట్టుకున్నాక అది వాళ్ళ చర్చి అయింది, ఆ తర్వాత ఇంగ్లీషువాళ్ళది అయింది. మట్టాంచేరి రాజభవనాన్ని పోర్చుగీసువాళ్ళు కట్టి రాజుకిచ్చారు. డచ్చివాళ్ళు మరమ్మతు చేయించినందుకు దానికి డచ్చి ప్యాలెస్ అన్న పేరు మిగిలింది. లోపలి గోడలమీద ఉన్నది మాత్రం మన రామాయణం. దాని పక్కనే 1568 నాటి యూదుల ప్రార్థనామందిరం. కాస్త నడిస్తే కొంకణివాళ్ళ గుడి. అందులో ఉన్నది వెంకటాచలపతి. దేవస్వం పేరు తిరుమల దేవస్వం. ఆ పేరు బోర్డుమీద చూసి నిలబడిపోని తెలుగువాడు ఉండడు. కచ్చీ మేమన్ల మసీదు, గుజరాతీ జైనుల మందిరం, డచ్చివాళ్ళ కాలంలో బట్టలుతకడానికి వచ్చిన తమిళ వణ్ణాన్ల ధోబీఖానా, తెలుగు చెట్టి కుటుంబాలు, ఇవన్నీ నాలుగైదు చదరపు కిలోమీటర్లలోపే.

వీళ్ళలో కొందరు వ్యాపారానికి వస్తే కొందరు ప్రాణం దక్కించుకోవడానికి వచ్చారు. గోవాలో పోర్చుగీసువాళ్ళ మత నిర్బంధం భరించలేక కొంకణివాళ్ళు దక్షిణానికి తరలారు. స్పెయిన్, పోర్చుగల్ వెళ్ళగొట్టిన యూదులు కొందరు ఇక్కడికి చేరారు. కొడుంగల్లూరులో 1524లో జరిగిన దాడి తర్వాత అక్కడి పాత యూదులూ వచ్చారు. కొచ్చి రాజు తన భవనం ప్రహరీ పక్కనే వాళ్ళకు చోటిచ్చాడు. ఒక రాజు తన దేవుడి గుడి పక్కన ఇంకొక దేవుడి మందిరానికి స్థలం ఇచ్చాడంటే అది చిన్న సంగతి కాదు. యూరప్‌లో ఒక మతంవాళ్ళు ఇంకొక మతంవాళ్ళను తగలబెడుతున్న కాలం అది.

ఇక్కడ ఒక ప్రశ్న వస్తుంది. రాజు ధర్మబుద్ధితో చేశాడా, లాభం కోసం చేశాడా? యూదులకూ కొంకణివాళ్ళకూ దూరదేశాల బేరసారాలు తెలుసు. వాళ్ళుంటే రేవు నడుస్తుంది, సుంకం వస్తుంది. కోళికోడు సామూతిరితో ఎడతెగని పోరులో ఉన్న చిన్న రాజ్యానికి ఆ ఆదాయం ఊపిరి. కనుక ఇది ఔదార్యం కాదు, లెక్క అని కొట్టిపారేసేవాళ్ళున్నారు. నేను ఒప్పుకోలేను. తరుముకొస్తున్నవాడి చేతికి చిక్కకుండా గడప దాటినవాడు ‘నన్నెందుకు లోపలికి రానిచ్చావు’ అని అడగడు. లాభం చూసుకుని పెట్టినా అన్నం అన్నమే, ఆకలి తీరుతుంది.

కాని లాభంవల్ల పుట్టిన ఆదరణకు ఒక గుణం ఉంది. అది అబద్ధం కాదుగాని, దానికి పొలిమేర ఉంటుంది. లాభం ఎక్కడ ఆగుతుందో ఆదరణా అక్కడ ఆగుతుంది. ఆ పొలిమేర ఎక్కడుందో వెతికితే తప్ప ఊరి మంచితనం ఎంతో తెలియదు.

మొదటి పొలిమేర ప్రార్థనామందిరం లోపలే ఉంది. దాన్ని పరదేశి మందిరం అంటారు. మన భాషలో పరదేశి అంటే దిక్కూమొక్కూ లేనివాడు. అక్కడ మాత్రం పరదేశిదే పై మెట్టు. ఆలస్యంగా వచ్చిన పరదేశి యూదులు, తమకంటే ఎన్నో శతాబ్దాల ముందునుంచీ మలబారులో ఉన్న యూదులను తమతో సమానంగా చూడలేదు. ఇక తమ ఇళ్ళలో బానిసలుగా ఉండి విముక్తి పొందినవాళ్ళను, వాళ్ళ సంతతిని మరీ దూరం పెట్టారు. వాళ్ళదీ అదే మతం, అదే ప్రార్థన. అయినా మందిరం లోపల బల్లమీద కూర్చునే హక్కు లేదు. బయటి గదిలో నేలమీద కూర్చోవాలి. ధర్మగ్రంథం చదివే హక్కు లేదు, చచ్చిపోతే అదే శ్మశానంలో చోటు లేదు.

ఆ సంతతిలో పుట్టినవాడే అబ్రహాం బరాక్ సాలెం (1882–1967). మద్రాసులో చదివి లాయరయ్యాడు, కొచ్చి శాసనసభలో కూర్చున్నాడు. శాసనసభలో దొరికిన కుర్చీ సొంత దేవుడి ఇంట్లో దొరకలేదు. గాంధీ నేర్పిన సత్యాగ్రహాన్ని ఆయన తన మందిరంలోకే తీసుకుపోయాడు. పెద్దలు ఒక్కసారిగా ఏమీ కరగలేదు. ఏళ్ళు గడిచేకొద్దీ ఒక్కొక్క హక్కే వచ్చింది. ఇప్పుడు మందిరం ముందున్న దారికి ఆయన పేరే. హింసను తప్పించుకుని వచ్చినవాళ్ళు, ఆశ్రయం విలువ అందరికంటే బాగా తెలిసినవాళ్ళు, సొంతవాళ్ళను గడప అవతల ఎలా కూర్చోబెట్టగలిగారు? బాధపడ్డవాడికి దయ దానంతటదే వస్తుందని మనం నమ్ముతాం. రాదు. బాధ ఒక్కొక్కసారి, దొరికిన మెట్టును గట్టిగా పట్టుకోవడమే నేర్పుతుంది.

రెండో పొలిమేర రేవులోనే ఉంది. 17, 18 శతాబ్దాల్లో డచ్చి కంపెనీ ఓడలు ఇక్కడినుంచి మిరియాలతోపాటు మనుషులనూ తీసుకుపోయాయి. ఆఫ్రికా కొసనున్న కేప్ దాకా మలబారు బానిసలు చేరారు. ఇది కొచ్చి ఒక్కదాని పాపం కాదు. మనకు దగ్గరి పులికాట్ రేవునుంచీ అదే కంపెనీ బానిసలను ఎక్కించింది. పరాయివాడు దిగడానికి తెరుచుకున్న రేవే ఊళ్ళోని పేదవాణ్ణి అమ్మేయడానికీ తెరుచుకుంది.

మూడోది అన్నిటికంటే లోతైనది. 1913లో కొచ్చి రాజ్యంలోని పులయ కులస్థులు సభ పెట్టుకోవాలనుకున్నారు. ఎర్నాకుళంలో వాళ్ళు కూడడానికి అడుగు నేల దొరకలేదు. బెస్తవాళ్ళ కుటుంబంలో పుట్టి సంస్కృత పండితుడైన కరుప్పన్ వాళ్ళ వెంట నిలిచాడు. కులభేదాన్ని నిలదీస్తూ ‘జాతిక్కుమ్మి’ రాసింది ఆయనే. నేలమీద కులం కాపలా కాస్తుంది, నీటిమీద కాయదు. అందుకని ఊరికీ సముద్రానికీ మధ్యనున్న కాయల్‌లో పడవలు తెచ్చి, ఒకదానికొకటి కట్టి, వాటిమీద సభ జరిపారు. ఆ తర్వాత ఎర్నాకుళంలో వ్యవసాయ ప్రదర్శన పెడితే దానిలోకీ వాళ్ళను రానివ్వలేదు. అక్కడ పేర్చిన పంట వాళ్ళు పండించిందే. కరుప్పన్ దివానుకు ఆ మాట చెప్పి ప్రవేశం ఇప్పించవలసి వచ్చింది.

ఒక్కసారి ఆలోచించండి. లిస్బన్‌నుంచి, ఆమ్‌స్టర్‌డామ్‌నుంచి, బాగ్దాదునుంచి వచ్చినవాళ్ళకు స్థలం చూపించిన ఊరు, ఆ మిరియాల తీగకు పాదు చేసినవాడికి, ఆ వరి నాటినవాడికి నిలబడేందుకు జానెడు నేల చూపించలేదు. పరాయివాడికి ఆతిథ్యం, సొంతవాడికి నీళ్ళు.

పాత కాలాన్ని నేటి కొలతతో కొలవడం న్యాయమేనా అని ఎవరైనా అడగవచ్చు. అడగవలసిన మాటే. అయితే ఈ కొలత మనం ఇవాళ తయారు చేసింది కాదు. పడవలు కట్టుకుని సభ జరిపినవాళ్ళు ఆ కాలంవాళ్ళే. మందిరంలో నేలమీద కూర్చోనని లేచినవాడు ఆ కాలంవాడే. తమకు జరుగుతున్నది అన్యాయమని వాళ్ళకు తెలుసు, పైకి చెప్పారు కూడా. ఆ కాలానికి అంతే తెలుసు అన్నప్పుడల్లా మనం వాళ్ళను ఆ కాలంలోంచి తీసేస్తున్నాం.

ఇక మన సంగతి. కోయంబత్తూరు సీమలో తెలుగువాళ్ళంటే ఎవరు గుర్తొస్తారు? మిల్లు పెట్టినవాళ్ళు, నల్లరేగడి సాగు చేసినవాళ్ళు, కళాశాలలు కట్టించినవాళ్ళు. వాళ్ళ గొప్పను తగ్గించవలసిన పని లేదు. కాని ఈ కొంగునాడులోనే ఇంట్లో తెలుగు మాట్లాడుకునే అరుంధతీయులు ఎందరో ఉన్నారు. చెప్పులు కుట్టింది, తోలు పని చేసింది, మోటబావికి తోలుబొక్కెన అందించింది, పట్టణాల మురికి ఎత్తింది వాళ్ళే. 2009లో తమిళనాడు ప్రభుత్వం షెడ్యూల్డు కులాల వాటాలో వాళ్ళకు విడిగా 3 శాతం కేటాయించవలసి వచ్చిందంటే ఎంత వెనక్కి నెట్టబడ్డారో తెలుస్తుంది. బొంబాయిలో కామాఠీపురాకు ఆ పేరు తెలుగు సీమనుంచి కూలికి వెళ్ళిన కామాఠీలవల్లే వచ్చింది. ఆ పేటనుంచి మన సభలకు ఎందరికి పిలుపు అందింది?

మనం ప్రభుత్వాలను బడులు అడుగుతాం. రాజ్యాంగంలోని 350ఎ అధికరణం మాతృభాషలో ప్రాథమిక విద్య గురించి చెప్పిందని గుర్తు చేస్తాం. 2006 చట్టంతో తమిళం తప్పనిసరి అయ్యాక మన పిల్లల తెలుగు ఏమవుతుందని బాధపడతాం. న్యాయమైన బాధే. ఆ విన్నపాలలో ఇన్ని లక్షలమంది తెలుగువాళ్ళం అని రాసేటప్పుడు అరుంధతీయులనూ, పారిశుద్ధ్యపు పనివాళ్ళనూ, మేస్త్రీ వెంట వచ్చిన కూలీలనూ కలిపే రాస్తాం. ఉగాది సభలో పీటలు వేసేటప్పుడు మాత్రం వాళ్ళు గుర్తుకు రారు. లెక్కకు కావలసినవాళ్ళు పంక్తికి అక్కర్లేకపోవడం ఏ ధర్మం?

వాళ్ళ తెలుగు తమిళం కలిసిన తెలుగు అంటారు. మనది మాత్రం కలవనిదా? రెండు మూడు వందల ఏళ్ళు పరభాషల నడుమ బతికిన ఏ నోటి తెలుగైనా కలిసిందే. ఒకరి కలయికను మాండలికమని మురిసిపోయి, ఇంకొకరి కలయికను కల్తీ అనడం భాషమీద ప్రేమ కాదు. దాని పేరు వేరే ఉంది, అందరికీ తెలుసు.

యూదుల సమూహ ప్రార్థనకు వయసొచ్చిన మగవాళ్ళు పదిమంది ఉండాలి. ఒకప్పుడు మందిరం నిండా మనుషులున్న రోజుల్లో కొందరిని లెక్కలోంచి తీసేశారు. 1950ల్లో కొచ్చి యూదులు చాలామంది ఇజ్రాయెల్ వెళ్ళిపోయారు. ఎవరూ తరమలేదు, తమ దేశం అనుకున్నచోటికి తాము వెళ్ళారు. తర్వాతి రోజుల్లో పదిమందిని కూర్చడానికి ఊరు చూడవచ్చిన యూదుల కోసం ఎదురుచూడవలసి వచ్చింది. 2019లో సారా కోహెన్, 2024లో క్వీనీ హల్లెగువా పోయాక పరదేశి సమాజం దాదాపు లేనట్టే. నేలమీద చైనానుంచి తెచ్చిన నీలం తెలుపు పలకలు చెక్కుచెదరలేదు. 1760 నాటి గడియారపు గోపురం నిలిచే ఉంది. టిక్కెట్టు కొనుక్కుని ఎవరైనా చూడవచ్చు. వెళ్ళగొట్టడంవల్లే సమాజాలు అంతరిస్తాయని లేదు. బతుకుతెరువుకోసం పిల్లలు ఒక్కొక్కరే వెళ్ళినా అంతరిస్తాయి. ఆ సంగతి మన ఊళ్ళలోనూ చూస్తున్నాం. ఉన్నన్నాళ్ళు ఎవరిని లోపల కూర్చోబెట్టామన్నది మాత్రం మన చేతిలో ఉంది.

అందుకని కొలతను కొంచెం మార్చుకోవాలంటాను. పరాయివాణ్ణి ఎలా చూసిందన్నది ఊరి మంచితనంలో సగం. తన చెప్పు కుట్టేవాణ్ణి, తన వీధి ఊడ్చేవాణ్ణి ఎక్కడ కూర్చోబెట్టిందన్నది మిగతా సగం. మనకు చోటిచ్చిన రాష్ట్రాలను మొదటి సగంతో కొలిచే హక్కు మనకుంది. రెండో సగంతో ముందు మన సంఘాలను కొలుచుకోవాలి. వచ్చే ఉగాదికి ఆహ్వానాలు రాసేవాళ్ళు జాబితా ముగించేముందు ఒకసారి ఊరి చివరి వీధుల పేర్లు కూడా చదివి చూస్తే బాగుంటుంది.