అష్టమి నాటి కొలత

మొగల్తూరును పట్నం అనలేం, పల్లె అని సరిపెట్టుకోనూ లేం. ఇది అక్కడ జరిగిందని చెప్పను, జరగదగ్గ కథ.

ఆ ఊరి శివారు పేటలో వాన పడితే, ఒక్కోసారి పడకపోయినా, మురుగు గుమ్మం దాకా వచ్చేది. ఎగువ వీధివాళ్లు మెరక పోసి ఇళ్లు కట్టుకోవడం వల్లే ఇదంతా అని పేట నమ్మకం. ఆ కోపాన పెళ్లి పిలుపులు కూడా ఆగిపోయాయి.

ఒక పరిశోధక విద్యార్థి లెవెల్ పరికరం మోసుకొచ్చి, వాటం కొలిచి, "కాలవ లోతు చేస్తే చాలు, నీరు కోడులోకి లాగేస్తుంది" అని తేల్చాడు. డ్వాక్రా సంఘం లీడరు నవ్వింది.

"మీరొచ్చింది అష్టమి నాడు బాబూ. పున్నమికి రండి. పోటొచ్చిందంటే కోడే మన మీదికి ఎదురెక్కుద్దండి. లోతు చేత్తే ఇంకా తేలిగ్గా వచ్చేత్తాది."

అష్టమికి పోటు తక్కువని అతను చదువుకున్నవాడే. అయినా ఆ కోడు కలిసే సముద్రం అతని లెక్కలో లేదు.

ఆ నెలంతా సంఘం ఆడవాళ్లు నీరెక్కిన చోటల్లా గోడ మీద బొగ్గుతో గీత గీసి, పక్కన టైము రాశారు. అతను గీతలన్నిటికీ లెవెల్ పట్టాడు. ఏ పోటుకి గీసినవి ఆ పోటుకి అన్నీ ఒకే మట్టం! పైనుంచి పారిన నీరైతే ఎగువన ఎత్తుగా, దిగువన తక్కువగా ఉండాలి.

లీడరు ఆ కాగితం వంక చాలాసేపు చూసింది. "అయితే ఎగువ వీధోళ్లని తిట్టిందంతా ఉత్తినేనన్నమాట."

కాలవ తవ్వలేదు. అది కోడులో కలిసే చోట తూముకి తలుపు పెట్టించారు. పోటు నెడితే మూసుకుంటుంది. ఆటుకి లోపలి నీరే తోసుకుని తెరుస్తుంది. అందులో గుర్రపుడెక్క ఇరుక్కోకుండా తీసే పని రెండు వీధులకీ వంతు.

నీతి: కొలిచేవాడు ఊరి మాట వినాలి, ఊరు కొలత మాట వినాలి. రెండోదే కష్టం, సభల్లో మాత్రం మొదటిదే చెబుతారు, చప్పట్లు దానికే గనక.

నిజంగా జరిగిందీ ఒకటుంది. 1854లో లండన్‌లో ఒక పేటని పట్టిన కలరాకి బ్రాడ్ స్ట్రీట్ చేతిపంపే మూలమని డాక్టర్ జాన్ స్నో అన్నాడు. ఆ పేటలో అందరికీ తెలిసిన చర్చి గురువు హెన్రీ వైట్‌హెడ్ నమ్మలేదు. అది తప్పని తేల్చడానికే ఇల్లిల్లూ తిరిగాడు. తిరిగేకొద్దీ స్నో మాటే నిజమైంది. 40వ నంబరు ఇంట్లో ముందే జబ్బుపడ్డ పసిబిడ్డ గుడ్డలు ఉతికిన నీళ్లు, పంపు బావికి కొద్ది అడుగుల దూరంలోని మురుగు గుంటలో పోశారని కనిపెట్టింది స్నో కాదు, వైట్‌హెడ్.