పాత ఊలు – సంగ్రహమా, దాసోహమా?

ఎండలకు పేరుపడిన గోదావరిఖనిలో ఊలు గూర్చి వ్రాయుట కొందరికి వింతగా తోచవచ్చును. కాని బొగ్గుబావికి మొదటి షిఫ్టు వెళ్లెడివారికి పుష్యమాసపు తెల్లవారుజాము ఎట్లుండునో తెలియును. ఆ చలి రెండు నెలలదే యైనను, అల్లిక తెలిసిన మన తల్లుల ట్రంకుపెట్టెలు ఏడాది పొడుగునను నిండియే యుండును. విప్పిన స్వెట్టర్ల ఊలు, ఇరుగుపొరుగు ఇచ్చినది, సంతలో చౌకగా దొరికినది – అన్నియు ఉండలుగా చుట్టి, కలరా ఉండలు వేసి దాచుదురు. ఇది పొదుపా, లోభమా?

పాత ఊలును సిద్ధము చేయుట తేలిక పని కాదు. కుట్లు విప్పి, అల్లిక ముగిసిన కొసనుండి దారము లాగవలెను. కత్తిరించి కుట్టిన మిల్లు స్వెట్టరైనచో దారము ముక్కలుగా వచ్చును. వేడినీట ముడుచుకొని గట్టిపడినది అసలే విడివడదు. లాగిన దారమును కుర్చీ వీపునకు చుట్టి, చిలపలుగా కట్టి, గోరువెచ్చని నీట ఉతికి, మెలికలు పోవునట్లు బరువు వ్రేలాడదీసి ఆరవేయవలెను. కొస కాల్చి చూచినచో నిజమైన ఊలు వెంట్రుక కాలిన వాసనతో బూడిదయగును. అక్రిలిక్ కరిగి గట్టి పూసవలె మిగులును. ఇంత శ్రమ యున్నది గనుక దీనిని కాయకమనుటకు నాకు సంకోచము లేదు.

ఇతరులు ధరించినది, అందునను మరణించినవారిది, విప్పి పిల్లలకు అల్లవచ్చునా యని కొందరు పెద్దలు అడుగుచుందురు. జనన, మరణ, రజస్సు, ఎంగిలి, జాతి అను పంచసూతకములను శరణులు త్రోసిపుచ్చిరి. తండ్రి స్వెట్టరు కుమారునికి వెచ్చదన మిచ్చుటలో మైల యేమున్నది? అయితే దానిని విప్పలేక దాచుకొన్న ఇల్లాలిని ఎవరును తొందరపెట్టరాదు. ఆమె శోకమునకు ఈ చర్చతో పని లేదు.

అసలు చిక్కు కూడబెట్టుటలో ఉన్నది. 12వ శతాబ్దమున కల్యాణములో ఆయ్దక్కి మారయ్య అను శరణుడు నేల రాలిన బియ్యపు గింజలు ఏరి తెచ్చుట కాయకముగా జీవించెను. ఒకనాడు అలవాటుకంటె ఎక్కువ తెచ్చెను. భార్య లక్కమ్మ ఆ అధికమును ఇంట ఉంచనీయక, తిరిగి అక్కడనే పోసి రమ్మని పంపెను. ఆ గింజలు దోచినవి కావు, కొన్నవియు కావు, రాలినవి. పాతది, చౌకది, ఒకరు వద్దనుకొన్నది గనుక ఎంత కూడబెట్టినను దోషము లేదను మన వాదము ఆ తల్లి యెదుట నిలువదు.

అయినను ఊలు బియ్యము కాదు. పెద్దవారి స్వెట్టరునకు సుమారు అరకిలో కావలెను. ఒకే రంగు, ఒకే లావు గల పాత దారము ఒక్కనాట దొరకదు. కొంత నిలువ లేనిదే ఈ కాయకము సాగదు. నూలు లేని నేతగాడు ఏమి నేయును? కనుక లక్కమ్మ ఒక దినమునకు పెట్టిన హద్దును అల్లికకు ఒక సంవత్సరముగా పొడిగించుట న్యాయమని నా అభిప్రాయము. వచ్చు చలికాలములోపల తన చేతులు అల్లగలిగినంత తనది. నాలుగేండ్లుగా సూది చూడని ఉండ తన ఇంట ఉన్నను వేరొకరిది. పదవీవిరమణ చేసి క్వార్టరు ఖాళీ చేయునాడు పెట్టె అడుగున చిమ్మెట తిన్న ఊలు బయటపడినచో, అది ఎవరి తలకును చేరలేదన్నమాట.

ఆ వేరొకరు దూరమున లేరు. పెద్దపల్లి పరిసరముల ఇటుక బట్టీలకు ఒడిశానుండి కుటుంబములు పసిపిల్లలతో చలికాలమున వచ్చి వానలకు ముందు మరలిపోవును. తెల్లవారకముందే మట్టిపని మొదలగును. తల్లుల ప్రక్కనే పిల్లలు. వారికి చిక్కుపడిన ఊలు మూట కట్టి ఇచ్చుట దాసోహము కాదు, ఇల్లు ఊడ్చుకొనుట. అల్లి ఇయ్యవలెను. చిన్నపిల్ల టోపీకి 50 గ్రాములు చాలును. కిలో ఊలుతో 20 టోపీలు. స్వెట్టరునకు చాలని, రంగులు కలియని తునకలే ఇందుకు చక్కగా సరిపోవును, చారలుగా అల్లినచో పిల్లలకు మరింత ఇష్టము. పుష్యమాసమునకు ముందే అవి తలలకు చేరవలెనన్నచో పెట్టెలు దసరా సెలవులలోనే తెరువవలసి యుండును.