రోడ్డు డబ్బు ఎవరిది?

మా అవ్వకు సైకిలు రాదు, బండి రాదు. గుడికైనా, రేషన్ అంగడికైనా నడిచే వెళ్తుంది.

2014లో చెన్నై కార్పొరేషన్ ఒక విధానం తెచ్చింది. రవాణాకు పెట్టే డబ్బులో కనీసం 60 శాతం నడిచేవాళ్లకు, సైకిలు తొక్కేవాళ్లకు ఖర్చు చేయాలని అందులో ఉంది. టీచరు ఈ మాట చెప్పినప్పుడు, "పెట్రోలు పన్ను కట్టేది బండ్లవాళ్లే కదా, వాళ్లకు అన్యాయం కాదా?" అని అడిగాను. "మీ అవ్వ సబ్బు కొనదా? దాని మీద పన్ను లేదా?" అన్నారు టీచరు. నాకు జవాబు దొరకలేదు. అయినా బండి ఉన్నవాళ్లు కూడా బండి దిగాక నడవాల్సిందే కదా!

2019లో పాండీ బజారులో వెడల్పయిన ఫుట్‌పాత్‌లు వచ్చాయి. అక్కడ అవ్వ నా చెయ్యి పట్టుకోకుండా నడిచింది. మా వీధిలోనూ ఫుట్‌పాత్ ఉంది, కానీ అవ్వ రోడ్డు మీదికి దిగుతుంది. ఎందుకంటే దాని మీద బండ్లు నిలిపి ఉంటాయి. వాటిలో ఒకటి మా నాన్నది.

డబ్బు కేటాయిస్తే సగం న్యాయమే జరుగుతుంది. మిగతా సగం మనం చేయాలి. ఈ మాట నాన్నతో ఎదురుగా చెప్పడానికి నాకు భయం. అందుకే ఇక్కడ రాశాను. మన పత్రిక ఆయన తప్పకుండా చదువుతారు.