కలము, పాట, గొఱ్ఱెల మంద



మన సంఘములలో వ్రాతపని చేయువారు కొద్దిమందియే. ఆదివారపు బడి పాఠములు, క్రిస్మస్ నాటకము, సంఘ చరిత్ర, ప్రభువునందు నిద్రించిన పెద్దల జీవితకథలు, ఇవన్నియు ఎవరో ఒకరు రాత్రివేళ దీపము ముందు కూర్చుండి వ్రాసినవే. అట్టివారిలో అనేకులకు పాటయనిన ప్రాణము. పొరుగు గ్రామములో భజన జరుగుచున్నదని వినగానే కలము చేతిలో నిలువదు. అప్పుడు వెళ్లుట న్యాయమా, కూర్చుండి వ్రాయుట న్యాయమా? ఇది చిన్న ప్రశ్న యని మేము తలంచము.

పాట ఫోనులో ఎప్పుడైనను వినవచ్చును గదా యని కొందరందురు. నిజమే. అయినను గాయకుడు జనమును చూచి అదే చరణమును మరల ఎత్తుకొనుట, డోలకు ఒక్క క్షణము ఆగుట, వెనుక వరుసలోని వృద్ధురాలు కన్నీటితో గొంతు కలుపుట, ఇవి ఆ రాత్రికే చెల్లును. కాగితము రేపటికిని ఉండును, పాట ఉండదు. ఈ వాదమునకు బలమున్నది. అయితే ఆ కాగితము కొరకు కనిపెట్టుకొనియున్నవారు కూడ ఉన్నారు. నాటకములో తన మాటలు ఎప్పుడు వచ్చునాయని ఎదురుచూచు పిల్లవాడున్నాడు.

1 సమూయేలు 17వ అధ్యాయమును చదువునప్పుడు మనము గొల్యాతు కొరకు త్వరపడి 15వ వచనమును దాటిపోవుదుము. దావీదు సౌలునొద్దకు పోవుచు వచ్చుచు, బేత్లెహేములో తండ్రి గొఱ్ఱెలను మేపుచుండెనని అక్కడ ఉన్నది. సితారా వాయించుటకు పిలిచినవాడు రాజు, గొఱ్ఱెలను అప్పగించినవాడు తండ్రి. రెండు పిలుపులును నిజమైనవే. 20వ వచనములో యుద్ధభూమికి బయలుదేరకముందు దావీదు మందను ఒక కాపరికి అప్పగించెను. తరువాత అన్నయైన ఏలీయాబు, ఆ కొద్ది గొఱ్ఱెలను ఎవరికి విడిచి వచ్చితివని మండిపడెను. దావీదు ఆ ప్రశ్నకు బదులు చెప్పలేదు గాని బదులు అతనియొద్ద ఉన్నది.

1913లో ఆఫ్రికాలోని లాంబరెనేకు వైద్యుడుగా వెళ్లిన ఆల్బర్ట్ ష్వైట్జర్ పేరు మీలో అనేకులు వినియుందురు. అంతకుముందు స్ట్రాస్‌బర్గ్‌లో అతడు బోధకుడు, వైద్యవిద్యార్థి, ఆర్గను వాయించువాడు. సంగీతకర్తయైన బాఖ్‌ను గూర్చి 1905లో ఫ్రెంచి భాషలో 455 పుటల గ్రంథమును ప్రకటించెను. దానిని జర్మను భాషలోనికి మార్చబోగా కుదరలేదు. క్రొత్తగా వ్రాయ నిశ్చయించెను గాని మొదటి వాక్యము పడలేదు. 1906లో బైరాయిట్ పట్టణమున వాగ్నర్ సంగీత నాటకమైన ‘ట్రిస్టాన్’ విని (ఆ కథ సంఘములో చెప్పదగినది కాదు, అది వేరు సంగతి) సత్రమునకు తిరిగి వచ్చెను. క్రింద త్రాగువారి సందడి, పైన ఉక్కపోయు గది. అక్కడనే మొదలుపెట్టి, ప్రొద్దు పొడిచిన చాలసేపటికి గాని కలము దింపలేదు. చదువు, ప్రసంగములు, కచేరీల వలన ఆ పనిని వారములకొలది ప్రక్కన పెట్టవలసివచ్చినను, 844 పుటల గ్రంథము 1908లో వెలువడెను.

పాట విన్నవారందరు తెల్లవారులు వ్రాయరు. చాలమంది ఇంటికి వచ్చి నిద్రపోవుదురు.

ఆ బాఖ్ కథయే మరియొక వైపును చూపుచున్నది. 20 ఏండ్ల బాఖ్ ఆర్న్‌ష్టాట్ సంఘములో ఆర్గను వాయించు ఉద్యోగి. 1705 చివర నాలుగు వారముల సెలవు పుచ్చుకొని, వృద్ధుడైన బుక్స్‌టెహూడ వాయించుట వినుటకు లూబెక్ నగరమునకు, 400 కిలోమీటర్ల దూరము, కాలినడకను పోయెనని చెప్పుదురు. నాలుగు వారములు దాదాపు నాలుగు నెలలాయెను. 1706 ఫిబ్రవరిలో సంఘాధికారులు అతనిని పిలిచి నిలదీసిరి. తనకు బదులు ఒకనిని పెట్టి పోయితిననెను. బుక్స్‌టెహూడ 1707లో మరణించెను. మరి రెండేండ్లు ఆగినయెడల బాఖ్ వినియుండడు. కాబట్టి పోవుట తప్పని మేము చెప్పజాలము. బదులు మనిషిని పెట్టుటయు మంచిదే. అయితే నాలుగు వారములకు ఒప్పుకొనిన వానిమీద నాలుగు నెలల భారము మోపుట న్యాయము కాదు.

నాటకము వ్రాయుచున్న సహోదరుడు శనివారము భజనకు పోగోరినయెడల, పిల్లలకు ముందుగా చెప్పి, అయినంతవరకు పుటలను ఆదివారపు బడి ఉపాధ్యాయురాలి చేతికిచ్చి పోవచ్చును. ఆ రాత్రి వారు మొదటి రంగము నేర్చుకొందురు. గొల్లల మాటలు రెండవ రంగములో గదా, అవి సోమవారమునకు అందిన చాలును.